తలుపులమ్మ నిద్రపోతే బండి బాగున్నట్టే

కొత్త బండి కొన్నవాళ్ళు లోవ గుడిలో తలుపులమ్మ తల్లి దగ్గరికి వెళ్ళి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి వస్తారు. పాత బండి కొన్నవాళ్ళు కాకినాడ జగన్నాథపురంలో రబ్బరు పని చేసే తలుపులమ్మ దగ్గరికి వెళ్తారు. నేను రెండో రకం.

మా రామచంద్రపురంలో నాతోపాటు వ్యవసాయం చేసేవాళ్ళందరూ షోరూముల్లోంచి కొత్త కార్లు తెచ్చుకుంటుంటే, నేను మాత్రం రొయ్యల వ్యాపారం మానేసిన ఒక పెద్దమనిషి దగ్గర పంతొమ్మిదేళ్ళ నాటి జర్మనీ కారు కొన్నాను. తోలు సీట్లు, చెక్క పొదిగిన డాష్‌బోర్డు. తలుపు వేస్తే పాతకాలం బీరువా మూసినట్టు నిండుగా చప్పుడయ్యేది. 'ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత' అని మా ఆవిడ రామతులసి మొదటి రోజే దీవించింది. నేను వినలేదు. నాకు కోపం ఎక్కువ, వినికిడి తక్కువ.

రెండో నెలకల్లా కారుకి వణుకు పట్టుకుంది. రైల్వే గేటు పడి ఆగామంటే స్టీరింగు చలిజ్వరం వచ్చినట్టు ఊగిపోయేది. గేరు మార్చగానే ముందు ఎక్కడో ధడ్‌మని చప్పుడు. సీసాలో నీళ్ళు సన్నగా అలలు వేసేవి. మెకానిక్ బుల్లబ్బాయి బానెట్ ఎత్తి చూసి, ఇంజన్ మౌంట్లు పోయాయన్నాడు. ఇంజన్ని తిన్నగా కారు ఇనుము మీద కూర్చోబెట్టరట. మధ్యలో రబ్బరు దిమ్మలు వేస్తారు. ఖరీదైన కార్లలో ఆ దిమ్మల కడుపులో నూనె కూడా పోస్తారు. ఇంజన్ పడే అవస్థంతా అవి మింగేసి, లోపల కూర్చున్న పెద్దమనిషికి తెలియనివ్వవు. ఏళ్ళు గడిచి, వేడికీ ఉప్పుగాలికీ రబ్బరు పగిలి ఆ నూనె కారిపోయిందా, అన్నాళ్ళూ దాచిన వణుకంతా ఒక్కసారే బయటపడుతుంది.

"కంపెనీవాళ్ళు ఈ మోడల్ని మర్చిపోయి చాలా కాలమైందండి. సామాను రాదు. తలుపులమ్మ గారి దగ్గరికెళ్ళండి, అచ్చు పోసిస్తారు," అన్నాడు బుల్లబ్బాయి.

"బాగుందో లేదో ఎలా తెలుస్తుంది?"

"ఆవిడ పడుకుని చూస్తారండి."

వాడు నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని కసురుకున్నాను. వాడు చెప్పింది అక్షరాలా నిజమని తర్వాత తెలిసింది.

తలుపులమ్మది సముద్రం మీద చేపల వేటకు వెళ్ళేవాళ్ళ కుటుంబం. తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి బోటు ఇంజన్లు బాగుచేసేవాడు. బాగుచేసిన ప్రతి ఇంజన్నీ ఉప్పుటేరులో ఒకసారి నడిపి చూడాలి కదా, ఇంట్లో చూసుకునే దిక్కు లేక పసిపిల్లని వెంట తీసుకెళ్ళి, ఇంజన్ పెట్టె మీద గోనె పరిచి పడుకోబెట్టేవాడు. ఆ హోరే పిల్లకి జోలపాట. ఇంజన్ సవ్యంగా ఉన్నంతసేపూ నిద్రపోయేది. ఎక్కడైనా లయ తప్పిందా, లేచి కూర్చునేది. కొన్నాళ్ళకి తండ్రి ఇంజన్ని చూడ్డం మానేసి పిల్లని చూడ్డం మొదలుపెట్టాడు. పిల్ల లేచిందంటే పానాలు తీసేవాడు.

ఆడవాళ్ళు వేట బోటు ఎక్కకూడదని వాళ్ళలో ఆచారం. పదో ఏడు రాగానే పెద్దదవుతోందని దించేశారు. ఆ తర్వాత ఆవిడ మళ్ళీ బోటు ఎక్కలేదు. సాల్మన్ గారని ఒకాయన పాత టైర్లకి కొత్త రబ్బరు వేసే షాపు పెట్టుకుంటే అందులో పనికి కుదిరింది. ఏ రబ్బరు ఎంత మెత్తగా ఉండాలి, ఎంత వేడికి ఉడకాలి, ఇనుముకి ఎలా అంటుకోవాలి, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన పోతూ పోతూ రబ్బరుని అచ్చులో నొక్కి ఉడికించే తన పాత ప్రెస్సు మిషను ఆవిడకే ఇచ్చాడు. బోటు డ్రైవరు పల్లంరాజుని పెళ్ళి చేసుకుంది. సత్యవాణి అని ఒక్కతే కూతురు. ఆ అమ్మాయే ఇప్పుడు తల్లి పక్కన నిలబడి ప్రెస్సు తిప్పుతుంది.

మొదట రేవులో బోట్లకి మౌంట్లు పోసేది. తర్వాత ఆటోలు, లారీలు, చివరికి నాబోటి వాళ్ళ ముసలి కార్లు. పరీక్ష మాత్రం చిన్నప్పటిదే. మౌంటు బిగించాక ఆవిడ వెనక సీట్లో చేరగిలబడి, కొంగు ముఖం మీదకి లాక్కుంటుంది. ఇంద్రపాలెం వంతెన దాటేలోపు నిద్రపోవాలి. కరప వచ్చాక తనే లేచి, "బాగుందండి, తిప్పేయండి," అంటుంది. దారిలో ఉలిక్కిపడి లేచిందంటే మౌంటులో లోపమున్నట్టే, మళ్ళీ పోయాల్సిందే. ఒకటే నియమం. మధ్యలో ఇంజన్ ఆపకూడదు, ఆవిణ్ణి ఎవరూ లేపకూడదు. లేపితే ఆ పరీక్ష చెల్లదు. తలుపులమ్మ నిద్రపోయిన బండి అంటే కాకినాడలో కళ్ళు మూసుకుని కొనేస్తారు.

మాఘమాసంలో ఒక ఉదయం నేను వెళ్ళేసరికి ఆవిడ మౌంట్లు సిద్ధం చేసి ఉంచింది. అరవై దాటిన మనిషి, బక్కపలచగా ఉంది. కళ్ళు చూస్తే మిరపకాయల్లా ఎర్రగా ఉన్నాయి. బుల్లబ్బాయి కారు కింద దూరి వాటిని బిగిస్తుంటే సత్యవాణి నన్ను పక్కకి పిలిచింది.

"బాబుగారూ, మా నాన్న పోయి నెలన్నరైందండి. గుండెపోటు, ఇంటి దగ్గరే పోయారు. ఆ రోజు నుంచీ అమ్మకి కంటి మీద కునుకు లేదండి. డాక్టరుగారు మాత్రలిస్తే అవి మింగి మరీ కళ్ళు తెరుచుకుని కూచుంటదండి."

"అయ్యో," అన్నాను. నిజం చెప్పాలంటే నా మనసు కారు మీదే ఉంది.

"బళ్ళల్లో కూడా పడుకోటం లేదండి. మూడు బళ్ళొచ్చినియ్యి, మూడూ వెనక్కి పంపేసింది. మౌంటు బాలేదో, నాకే నిద్దర పట్టటం లేదో తెలీటం లేదే అంటదండి. ఈ బండి కూడా తేలకపోతే ఇంక ప్రెస్సు అమ్మేస్తానంటంది. అది కూడా లేకపోతే మా అమ్మ ఏమైపోద్దోనని భయంగా ఉందండి."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. నేను గడియారం చూసుకున్నాను. మండపేటలో మా బావమరిది బుల్లిరాజు గృహప్రవేశం. రామతులసి పొద్దున్నే బస్సులో వెళ్ళిపోయింది. కారు తీసుకుని భోజనాల వేళకి వచ్చేస్తానని మాటిచ్చాను.

పదకొండున్నరకి బయల్దేరాం. అద్దంలోంచి చూస్తే ఆవిడ నిటారుగా కూర్చుని బయటకి చూస్తోంది. స్టీరింగు వణుకు చాలా వరకు తగ్గింది. అయితే ఎడమవైపు ఎక్కడో ఏదో కొద్దిగా కుంటుతున్నట్టు నా చేతికి తగిలింది. అడుగుదామా అనుకుంటూ ఇంద్రపాలెం వంతెన ఎక్కాను. దిగి మళ్ళీ అద్దంలోకి చూశాను. తలుపులమ్మ తల పక్కకి వాలిపోయింది. కొంగు లాక్కోవడానికి కూడా వ్యవధి లేనట్టుంది, నోరు కొద్దిగా తెరుచుకుని పసిపిల్లలా నిద్రపోతోంది.

నా చేతి మాట కంటే ఆవిడ నిద్ర మాటే నమ్మాను.

కరప వచ్చింది. ఆవిడ లేవలేదు. ఇంకో రెండు మైళ్ళు పోనిచ్చాను. వేళంగి కూడా దాటింది. సత్యవాణికి ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "మీ అమ్మగారు పడుకున్నారమ్మా, లేవడం లేదు," అన్నాను. అవతల ఏడుపు వినపడింది.

"లేపకండి బాబుగారూ. మీకు పుణ్యముంటది. ఎంత దూరమైనా పోనియ్యండి."

పోనిచ్చాను. మా రామచంద్రపురంలోకి వచ్చి, మా వీధి మలుపు కళ్ళముందే దాటిపోయింది. రెండో పంట దాళ్వా నాట్లు కొత్తగా పచ్చబడ్డ రోజులు. రోడ్డుకి రెండు వైపులా నీళ్ళు, నీళ్ళలో ఆకాశం. కొబ్బరి నీడలు ఒకటి తర్వాత ఒకటి ఆవిడ ముఖం మీదుగా నడిచి వెళ్తున్నాయి. కాలవ గట్టు మీద బాతులు బారులు తీరి ఉన్నాయి, వాటిని కాసేవాడు గొడుగు కింద కూర్చున్నాడు. వాడు కూడా నిద్రపోతున్నాడనిపించింది. ఏసీ ఆపేసి అద్దాలు దించాను. తడి మట్టి వాసనా, ఎక్కడో బెల్లం కాగుతున్న వాసనా లోపలికి వచ్చాయి. హారన్ కొట్టడం మానేశాను. గుంత కనబడితే ఆమడ దూరంలోనే నెమ్మదించేవాణ్ణి. జీవితంలో నేను అంత ఒద్దికగా కారు నడిపింది లేదు.

మండపేటలో బుల్లిరాజు కొత్త ఇంటి ముందు షామియానా వేశారు. మైకులో సన్నాయి మోగుతోంది. గుమ్మంలో నిలబడ్డవాళ్ళు నా కారు చూసి చేతులూపారు. నేనూ చెయ్యి ఊపాను. ఊపుతూనే దాటి వెళ్ళిపోయాను. అయిదు నిమిషాలకి ఫోన్ మోగింది.

"ఏమండీ, మా తమ్ముడి గుమ్మం ముందు నుంచే వెళ్ళారట! ఆగలేదట! వెనక సీట్లో ఎవరో ఆడమనిషి ఉందట!" రామతులసి గొంతు కాలుతోంది.

"అరవకే. ఆవిడ పడుకుంది."

ఆ సంజాయిషీ వల్ల పరిస్థితి బాగుపడలేదు. మొత్తం కథ చెప్పాల్సి వచ్చింది.

"నెలన్నర నుంచీ నిద్ర లేదా?"

"లేదట."

"అయితే పోనివ్వండి. గుంతలు చూసుకోండి. నేను మా వాళ్ళకి చెప్పుకుంటాలే," అని పెట్టేసింది. మా ఆవిడ మీద నాకు చాలాకాలం తర్వాత ప్రేమ పుట్టుకొచ్చింది.

జొన్నాడ దాటి గౌతమి మీద వంతెన ఎక్కాను. కింద గోదారి ఎటూ పోవడం లేదన్నట్టు నిలకడగా ఉంది. లంకల్లో పొగమంచు మధ్యాహ్నమైనా పూర్తిగా విడవలేదు. అంత పొడవు వంతెన మీద చక్రాల చప్పుడు ఒకేలా వినిపిస్తుంటే, దాని అడుగున ఎడమవైపు కుంటు మళ్ళీ నా చేతికి తెలిసింది. టుక్కు... టుక్కుటుక్కు. ఆవిడ మాత్రం ఇంకా లోతుకి వెళ్ళింది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదంటారు. జర్మనీ తోలు సీటైనా గోనెసంచైనా ఆవిడకి అప్పుడు ఒకటే.

రావులపాలెం అరటి గెలలు, సిద్ధాంతం దగ్గర వశిష్ఠ పాయ, పెనుగొండ, పాలకొల్లు. ఊళ్ళ పేర్ల బోర్డులు కలలో వచ్చినట్టు ఎదురొచ్చి వెళ్ళిపోయాయి. నాకు ఆకలేసింది, కాసేపటికి అదే పోయింది. డీజిల్ ముల్లు కిందకి వాలుతోంది. బంకులో ఇంజన్ ఆపమంటారు కాబట్టి ఏ బంకులోకీ తిప్పలేదు. వెనక ఉన్నది ఎవరో రబ్బరు పని చేసే ఆవిడ అన్న సంగతే మర్చిపోయాను. ఇంట్లో ఎవరో చాన్నాళ్ళ జబ్బు తర్వాత మొదటిసారి కునుకు తీస్తే, గుమ్మం దగ్గర కాపలా కూర్చున్నట్టు అనిపించింది.

నరసాపురం దాటి, మొగల్తూరు కూడా దాటాక, సరుగుడు తోటల మధ్య నుంచి వెళ్ళి వెళ్ళి రోడ్డు అయిపోయింది. ఎదురుగా ఇసుక, దాని అవతల సముద్రం. పొద్దు ఇంకో గంటలో వాలుతుంది. ఇంక వెళ్ళడానికి చోటు లేక ఇంజన్ ఆపాను.

వెంటనే తలుపులమ్మ కళ్ళు తెరిచింది.

"వచ్చేశావా?" అంది.

నన్ను కాదు. ఆ గొంతు నన్ను పిలిచే గొంతు కాదు. సముద్రం వైపు చూసింది, నా వైపు చూసింది, కారు లోపలంతా చూసింది. అప్పుడు సంగతి తెలిసి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

ఒడ్డున చిన్న టీ బడ్డీ ఉంటే రెండు టీలూ బిస్కెట్లూ తెచ్చాను. ఆవిడ కారు దిగి ఇసుకలో కూర్చుని టీ తాగింది. ఎర్రదనం తగ్గి కళ్ళు తేటపడ్డాయి. బాగుందండి అంటుందని చూస్తున్నాను.

"మౌంటు బాలేదండి," అంది.

నాకు అర్థం కాలేదు.

"ఎడమపక్కది. రబ్బరు ఇనుముని పట్టుకోలేదండి. నిద్దర్లేని కళ్ళతో అచ్చులోంచి తొందరగా తీసేసినట్టున్నాను. ఇంద్రపాలెం వంతెన మీదే తెలిసింది."

"మరి నిద్రపోయారు కదండీ!"

"అది అలా కుంటింది కాబట్టే పోయానండి."

గ్లాసు ఇసుకలో పెట్టి సముద్రం వైపు తిరిగి చెప్పింది.

"రేవులో అందరి ఇంజన్లూ నా రబ్బరు మీదే కూచున్నాయండి, మా ఆయన బోటుది తప్ప. నన్ను బోటెక్కనివ్వరు కదండీ. పోనీ దిమ్మలు పోసిస్తాను, ఎవరి చేతైనా బిగించుకో అని పెళ్ళైన కాడి నుంచీ పోరానండి. వినలేదు. నీ రబ్బరేసుకుంటే నా బోటు కూడా అందరి బోటులాగే వస్తది, నేనొచ్చినట్టు నీకెలా తెలుద్దే అనేవాడు."

గ్లాసుని ఇసుకలో ఇంకొంచెం లోపలికి గుచ్చింది.

"ఆయన ఏటకెళ్ళినన్నాళ్ళూ నాకు నిద్దరుండేది కాదండి. తెల్లారగట్ట బోట్లన్నీ ఒకే చప్పుడుతో వచ్చేవి. ఆయనది మాత్రం కుంటుకుంటా వచ్చేది. టుక్కు, టుక్కుటుక్కు. అది ఉప్పుటేట్లోకి తిరిగిందని వినపడగానే కళ్ళు మూతపడిపోయేవండి. ఆయన ఇంటికొచ్చి తలుపు కొడితే కూడా లేచేదాన్ని కాదు. ఆయన పోయాక బోటు అమ్మేశాం. కొన్నోళ్ళు కొత్తింజను పెట్టారండి. ఇంక ఆ చప్పుడు ఎక్కడా లేదు."

తలుపులమ్మ తల దించుకుంది. "లేచి చెబుదామనుకున్నానండి. మీకు పనుంటదని తెలుసు. ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు అనుకున్నాను," అంది మళ్ళీ, తప్పు చేసినదానిలా.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవాలని కూడా అనిపించలేదు. ఆ కారు కొన్న రోజు నుంచీ దాని ప్రతి చప్పుడునీ తిట్టుకుంటూ వచ్చాను. ఒక మనిషి ఇల్లు చేరాడని చెప్పే చప్పుడు కూడా ఉంటుందని నాకెప్పుడూ తట్టలేదు.

"ఆ మౌంటు మార్చకండి. అలాగే ఉండనివ్వండి. నెలకోసారి వస్తాను, తిప్పుతాను," అన్నాను.

తలుపులమ్మ నా వైపు తిరిగి కస్సుమంది.

"ఊరుకోండి బాబుగారూ! తెలిసి తెలిసి చెడ్డ మౌంటుని నా పేరు మీద వదిలేస్తానా? ఇంజను ఆడి ఆడి పైపులు తెగ్గొడుద్ది. రేపు పొద్దున్నే తీసేసి మళ్ళీ పోస్తాను. నిద్దర్లో కూడా తెలిసింది కదండీ, అది చాలు. ప్రెస్సు అమ్మనండి."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ ముఖం వెలిగింది.

"మరి మీ నిద్ర?"

ఆవిడ లేచి, కొంగుకి అంటిన ఇసుక దులుపుకుంది. సత్యవాణికి ఫోన్ కలిపిస్తే, "పడుకున్నానే, బాగా పడుకున్నాను," అని రెండు మూడుసార్లు చెప్పింది. వెనక్కి వస్తూ మొగల్తూరు బంకులో ఆగాం. ట్యాంకు నిండుతుంటే ఆవిడ బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది. ఇంజన్ వేడికి ఇనుము ఇంకా వెచ్చగా ఉంది.

"కాకినాడ వెళ్ళేదాకా ఇదే ఉంటది కదండీ?" అని మెల్లగా అడిగింది.

"ఇదే ఉంటుందండీ."

వెనక సీట్లోకి ఎక్కి, ఈసారి తీరిగ్గా సర్దుకుని, కొంగు ముఖం మీదకి లాక్కుంది. నేను ఇంజన్ వేశాను. టుక్కు, టుక్కుటుక్కు. ఊరి చివరికి రాకముందే ఆవిడ ఊపిరి బరువెక్కింది.

మొగల్తూరు నుంచి కాకినాడకి అంత చుట్టు తిరిగి భీమవరం మీదుగా వెళ్ళేవాణ్ణి మా వైపు పిచ్చివాడంటారు. నేను కారు భీమవరం వైపు తిప్పాను.